ఫేస్‌లిఫ్ట్: జరపాల్సింది చర్మాన్నా, లోపలి పొరనా?

ముఖం సడలడం గురించి, దాన్ని సరిచేసే ఆపరేషన్ల గురించి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సందేహాన్ని పలువురు రాసిన చోట, వివరం ఎక్కువున్న ఉత్తరాన్ని తీసుకున్నాం.

ప్రశ్న: నా వయసు 54. అద్దం ముందు నిలబడి చెవుల దగ్గర చర్మాన్ని వేళ్లతో వెనక్కి లాగితే దవడ అంచున జారిన కండ మాయమవుతుంది. ఆపరేషన్‌లో చేసేది ఇదేనా? అదే అయితే కొందరి ముఖాలు చెవుల వైపు గుంజి కట్టినట్టు ఎందుకుంటాయి?

జవాబు: మీరు అద్దం ముందు చేస్తున్నది నూరేళ్లు దాటిన పాత ఆపరేషన్. 1900ల తొలినాళ్లలో ఐరోపాలో మొదలైన ఫేస్‌లిఫ్ట్‌లలో చెవి ముందు కాస్త చర్మం కోసి తీసేసి, అంచులు దగ్గరికి లాగి కుట్టేవారు. ఆ బిగువు కొన్ని నెలలకే జారిపోయేది. తప్పు కుట్టులో లేదు, చర్మం గుణమే అది. బిగించి పట్టుకుంటే నిమిషాల్లోనే కొంత పట్టు వదిలేస్తుంది, నెలలు గడిచేకొద్దీ ఇంకా సాగుతుంది. చర్మం ఉన్నది ఒంటిని కప్పడానికి. ముఖం బరువును దానిమీద వేలాడదీస్తే అది సాగిపోతుంది, కుట్టు మచ్చ వెడల్పవుతుంది, ముఖం మాత్రం గుంజినట్టు మిగులుతుంది.

మరి బరువు మోసేది ఏది? చర్మం కింద కొవ్వు, కొవ్వు కింద పలచగా, గట్టిగా ఉండే ఒక పొర ఉంటాయి. ఈ పొరను వైద్యులు స్మాస్ అంటారు. పైన నెత్తి పొరతో, కింద మెడలోని ప్లాటిస్మా కండరంతో కలిసి ఇది ఒకే దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. నవ్వు, కోపం పలికించే కండరాలు దీనితో ముడిపడి ఉంటాయి. స్వీడన్ సర్జన్ టోర్డ్ స్కూగ్ 1974లో చర్మాన్నీ కింది పొరనూ విడదీయకుండా కలిపి జరిపే పద్ధతిని ప్రచురించారు. 1976లో ఫ్రెంచి సర్జన్లు మిట్జ్, పెరోనీ ఆ పొరను విడిగా వర్ణించి స్మాస్ అని పేరు పెట్టారు. అప్పటి నుంచి ఫేస్‌లిఫ్ట్ అంటే చర్మం పని కాదు, స్మాస్ పని.

దీన్ని మీ వేళ్లతోనే చూడొచ్చు. చెవి ముందు, ఒక వేలి వెడల్పు దూరంలో వేలు ఆనించి పైకీ కిందికీ కదపండి. చర్మం కాస్త కదులుతుంది కానీ కింద కండ కదలదు. అక్కడ స్మాస్ లాలాజలం ఊరే పెరోటిడ్ గ్రంథికి గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఇప్పుడు వేలిని చెంప మధ్యకు తెచ్చి, కాస్త లోతుగా ఒత్తి, నిలువుగా పైకి జరపండి. నోటి మూల, దవడ అంచున జారిన కండ రెండూ కలిసి కదులుతాయి. మీరు ఇప్పుడు జరుపుతున్నది స్మాస్‌ను, అదీ కదిలే చోట. కదలని చోట ఎంత లాగినా కదిలే చోటికి ఆ లాగుడు చేరదు. ఫేస్‌లిఫ్ట్ పద్ధతులన్నిటి వెనకా ఉన్న చిక్కు ఇదే.

ఇంకో సంగతి. అద్దాన్ని మొహం మీదుగా పట్టుకుని వెల్లకిలా పడుకుని చూడండి, దవడ కండ చెవి వైపు జారి ముఖం తేరుకున్నట్టు కనిపిస్తుంది. ఆపరేషన్ బల్ల మీద మనిషి ఉండేది ఇలాగే. అందుకే గాటు ఎక్కడ, ఏ దిశలో ఎంత జరపాలి అన్న గీతలన్నీ మనిషిని కూర్చోబెట్టి, మత్తుకు ముందే గీస్తారు. పడుకోబెట్టాక గీసే గీతలు తప్పుదారి పట్టిస్తాయి.

ప్రశ్న: మూడు చోట్ల సలహా అడిగాను. ఒకరు స్మాస్ మడిచి కుడతాం అన్నారు, ఒకరు చిన్న గాటుతో మ్యాక్స్ లిఫ్ట్ అన్నారు, మూడోవారు డీప్ ప్లేన్ తప్ప మిగతావన్నీ దండగ అన్నారు. వీటికి అసలు తేడా ఏమిటి?

జవాబు: అన్నిటిలోనూ పట్టుకునేది స్మాస్‌నే. దాన్ని ఎంతవరకు విడిపిస్తారు, ఎక్కడ పట్టుకుంటారు అన్నదే తేడా.

మడిచి కుట్టడంలో చర్మాన్ని స్మాస్ నుంచి విడదీసి లేపుతారు, స్మాస్‌ను మాత్రం కోయరు. దాని మీదే కుట్లు వేసి, చీరకు కుచ్చిళ్లు పెట్టినట్టు మడత పెట్టి బిగిస్తారు. పని త్వరగా అవుతుంది, నాడుల జోలికి పోదు. లోపం ఏమిటంటే, కింద పట్టి ఉంచేవి అలాగే ఉండగా పైనుంచి లాగుతున్నాం కాబట్టి కుట్టు మీద భారం పడుతుంది. ముఖం బరువుగా ఉన్నవాళ్లలో దారం కండను కోసుకుంటూ జారిపోయే ప్రమాదం ఉంది. దీనికి దగ్గరి పద్ధతి, చెవి ముందు నుంచి దవడ వైపు స్మాస్‌లో ఒక పట్టీని కోసి తీసేసి అంచులు కలిపి కుట్టడం. దీన్ని 1997లో అమెరికాలో డేనియల్ బేకర్ ప్రచారంలోకి తెచ్చారు. కదలని స్మాస్‌కూ కదిలే స్మాస్‌కూ సరిహద్దులో పట్టీ తీస్తారు కాబట్టి కదిలే అంచు నేరుగా చేతికి వస్తుంది. చెంపలు నిండుగా ఉన్నవారికి ఇది బాగా కుదురుతుంది, బక్కపలచని ముఖానికి కాదు. ఉన్న కాస్త కండా కోసేస్తే చెంప ఇంకా పీక్కుపోతుంది.

మ్యాక్స్ లిఫ్ట్ బెల్జియం సర్జన్లు టొన్నార్, వెర్పేల్ తెచ్చిన పద్ధతి. గాటు చెవి ముందు, కణత అంచు వరకే ఉంటుంది, చెవి వెనక్కి పోదు. సంచి మూతికి తాడు ఎక్కించి బిగించినట్టు, స్మాస్‌లో గుండ్రంగా కుట్టు తిప్పి, కణత దగ్గర లోతైన గట్టి పొరకు కట్టి నిలువుగా పైకి ఎత్తుతారు. నలభైల చివర్లో, యాభైల మొదట్లో మెడ ఇంకా బాగానే ఉన్నవారికి ఇది సరిపోతుంది. మెడ చర్మం బాగా జారినవారికి చెవి వెనక గాటు లేకుండా ఆ మిగులు చర్మం ఎక్కడికి పోతుంది? చెవి తమ్మె కింద ముడతలుగా పోగవుతుంది. చిన్న గాటు అన్న మాటకు ఆశపడేముందు ఈ ఒక్కటీ అడగండి.

ఇక డీప్ ప్లేన్. ఇది అర్థం కావాలంటే ముందు లిగమెంట్ల సంగతి తెలియాలి. ముఖం కండను ఎముకకో, లోతు పొరకో మేకులు కొట్టినట్టు పట్టి ఉంచే గట్టి పీచులు కొన్ని ఉన్నాయి. డేవిడ్ ఫర్నాస్ 1989లో వీటిని క్రమంగా వర్ణించారు. ఒకటి బుగ్గ ఎముక మీద, చెవి ముందున్న చిన్న మృదులాస్థి బొడిపెకు సుమారు 4.5 సెంటీమీటర్ల ముందు. ఒక వరస నమిలే కండరం ముందంచు వెంబడి. ఇంకొకటి గడ్డం పక్కన దవడ ఎముక మీద. వయసుతో వీటి మధ్య ఉన్న కండ జారుతుంది. గట్టిగా పట్టుకున్న లిగమెంట్ దగ్గర మాత్రం జారడం ఆగిపోయి, దాని వెనక సంచిలా పోగవుతుంది. దవడ అంచున కండ వేలాడేది సరిగ్గా గడ్డం పక్క లిగమెంట్ వెనకే, దాని ముందు గుంట పడేది అందుకే. అంటే మేకు ఉండగా దుప్పటిని లాగితే మేకు దాకానే కదులుతుంది. ముందు మేకు తీయాలి.

ఆ మేకులు తీసి జరిపే పద్ధతిని అమెరికా సర్జన్ శామ్ హామ్రా 1990లో డీప్ ప్లేన్ పేరుతో ప్రచురించారు. వరస ఇలా ఉంటుంది. అడ్రినలిన్ కలిపిన లిడోకైన్ అనే మొద్దుబార్చే మందును చర్మం కింద ఎక్కించి, రక్తనాళాలు ముడుచుకునే దాకా పది పదిహేను నిమిషాలు ఆగుతారు. చర్మాన్ని స్మాస్ నుంచి కొద్దిమేరే లేపుతారు. కంటి బయటి మూల నుంచి దవడ కోణానికి గీసిన ఊహాగీత దగ్గర ఆగి, అక్కడ స్మాస్‌ను కోసి దాని కిందికి దిగుతారు. అక్కడి నుంచి చర్మం, కొవ్వు, స్మాస్ మూడూ ఒకే మందపాటి పలకగా లేస్తాయి. నమిలే కండరం మీద సహజంగానే ఒక ఖాళీ ఉంటుంది. అక్కడ కత్తెర మూసి తోస్తే చాలు, పొరలు విడిపోతాయి. పైన నవ్వు కండరం ఉపరితలం వెంబడి, దాని పైనే ఉంటూ ముందుకు పోతారు, ఎందుకంటే ఆ కండరానికి నాడి కింది వైపు నుంచి వస్తుంది. ఈ రెండు దారుల మధ్య, విడిపోకుండా మొండికేసేది బుగ్గ ఎముక లిగమెంట్. దాన్ని కళ్లారా చూస్తూ కోయాలి. కోశాక పలకను మెల్లగా పైకి లాగి చూస్తారు. ముక్కు పక్క నుంచి నోటి మూలకు దిగే మడత, నోటి మూల రెండూ కదిలితే లిగమెంట్ విడిపోయినట్టు, కదలకపోతే ఇంకా పీచు మిగిలినట్టు. తర్వాత పలక అంచును చెవి ముందున్న కదలని గట్టి పొరకు నాలుగైదు బలమైన కుట్లతో కడతారు, ప్లాటిస్మా వెనక అంచును చెవి వెనక ఎముక మీది గట్టి పొరకు కడతారు. చర్మం వంతు చివర వస్తుంది. అది దానంతటదే వచ్చి పడినంతలో, ఒకదానిమీద ఒకటి ఎక్కిన మేరకే కత్తిరించి, బిగువు లేకుండా కుడతారు.

దీని లాభాలు రెండు. మధ్య చెంప దాకా మార్పు చేరుతుంది. పలక మందంగా ఉండటంతో చర్మానికి రక్తప్రసరణ బాగుంటుంది. మూల్యం కూడా ఉంది. నాడికి దగ్గరగా పని చేయాలి, సమయం ఎక్కువ పడుతుంది, ఈ దారిలో చాలాసార్లు నడిచిన చెయ్యి కావాలి.

మరి మిగతావి దండగా? కాదు. 1996లో అమెరికాలో ఒక అధ్యయనంలో ఒకే మనిషికి ఒక చెంపకు తక్కువ విడదీసే పద్ధతి, రెండో చెంపకు ఎక్కువ విడదీసే పద్ధతి చేసి పోల్చారు. ఏడాది తర్వాత రెండు వైపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా పట్టుకోలేకపోయారు. రెండు జతల కవలలకు నలుగురు పేరున్న సర్జన్లు నాలుగు రకాలుగా ఆపరేషన్ చేసి పదేళ్లు గమనించిన ఫలితాలు 2009లో వచ్చాయి. వాటిలోనూ ఒక పద్ధతి మిగతావాటిని ఓడించిందని తేలలేదు. మా దృష్టిలో మీరు అడగాల్సింది పద్ధతి పేరు కాదు. మీకు చెప్పిన పద్ధతిని ఆ సర్జన్ నెలకు ఎన్నిసార్లు చేస్తారు, మీలాంటి ముఖానికి చేసినవారి ఏడాది తర్వాతి ఫొటోలు చూపగలరా, మూడో వారం ఫొటోలు కాదు. మూడో వారంలో వాపే ముఖాన్ని నింపి నునుపుగా చూపిస్తుంది.

ప్రశ్న: ఎనిమిది నెలల కిందట వేరే చోట ఫేస్‌లిఫ్ట్ చేయించుకున్నాను. ముఖం బాగుంది కానీ చెవి తమ్మెలు కిందికి సాగి చెంపలో కలిసిపోయాయి, కమ్మలు ముందుకు వాలుతున్నాయి. మా వదిన చూడగానే ఆపరేషనా అని అడిగేసింది. ఇది సరిచేయొచ్చా?

జవాబు: చేయొచ్చు, కంగారు పడకండి. చర్మాన్ని తమ్మె చుట్టూ కత్తిరించేటప్పుడు ఎక్కువ తీసేశారు, లేదా బరువంతా చర్మం కుట్టు మీదే ఉంచారు. తమ్మెకు ఎముకా లేదు, మృదులాస్థీ లేదు. చర్మం కిందికి లాగే కొద్దీ అది వెంట పోతుంది. ఆపరేషన్ రోజు బాగానే ఉండి, మూడు నాలుగు నెలలకు బయటపడేది అందుకే. తమ్మె సహజంగా చెవి నిలువు గీతకు కాస్త వెనక్కి వాలి, కింద గుండ్రంగా, చెంపకు అతుక్కోకుండా వేలాడాలి.

మచ్చ మెత్తబడటానికి కనీసం ఏడాది ఆగడం మంచిది. సాగింది కొద్దిగానే అయితే లోకల్ మత్తులో తమ్మె మొదట్లో చిన్న ముక్క కోసి విడిపించి, దాని కింద ఇంగ్లిష్ వై ఆకారంలో కుడితే సరిపోతుంది. దీంతో కింద చిన్న నిలువు మచ్చ మిగులుతుంది. బాగా సాగినవారికి చెవి వెనక గాటు మళ్లీ తెరిచి, ఈసారి లోపలి పొరకు కుట్లు వేసి చర్మాన్ని మీదికి తేవాలి. ఏది చేసినా తమ్మె కుట్టు మీద బిగువు పడకూడదు. పడితే ఏడాది తిరిగేసరికి మళ్లీ ఇదే పరిస్థితి.

గాట్ల గురించి ఇంకా ముగ్గురు రాశారు కాబట్టి ఇక్కడే చెప్తాం. చెవి ముందరి బొడిపె వెనక నుంచి గాటు పెడితే మచ్చ దాక్కుంటుంది. కానీ ఆ బొడిపె మీదికి వచ్చే చెంప చర్మం మందంగా ఉంటుంది, దాని కింది కొవ్వు గీకి పలచన చేయకపోతే బొడిపె మొద్దుగా కనిపిస్తుంది, బిగువు ఎక్కువైతే ముందుకు తెరుచుకుపోయి చెవి రంధ్రం కనబడుతుంది. మగవారిలో ఈ గాటు పెడితే గడ్డం వెంట్రుకలు బొడిపె మీదికి ఎక్కుతాయి. అందుకే చాలామంది మగవారికి బొడిపె ముందున్న సహజ మడతలోనే గాటు మేలు. కణత దగ్గర జుట్టులోపల గాటు పెడితే మచ్చ కనబడదు కానీ జుట్టు అంచు పైకీ వెనక్కీ పోతుంది. కంటి బయటి మూల నుంచి జుట్టు అంచుకు ఇప్పటికే నాలుగైదు సెంటీమీటర్ల దూరం ఉన్నవారికి, జుట్టు అంచు వెంబడే గాటు పెట్టాలి. కత్తిని ఏటవాలుగా పట్టి కోస్తే తర్వాత వెంట్రుకలు మచ్చలోంచే మొలుస్తాయి.

ప్రశ్న: నాకున్న భయం ఒక్కటే, నోరు వంకర పోతుందేమోనని. ఎంతమందికి అవుతుంది? ఎందుకు?

జవాబు: శాశ్వతంగా వంకర పోవడం అరుదు, నూటికి ఒకరికంటే బాగా తక్కువ. కొన్నాళ్లు బలహీనపడి కోలుకోవడం అంతకంటే ఎక్కువే కనిపిస్తుంది.

ముఖం కండరాలను నడిపే నాడి చెవి కింద బయటికొచ్చి, పెరోటిడ్ గ్రంథిలో చెట్టులా కొమ్మలు వేస్తుంది. గ్రంథి లోపల ఉన్నంతసేపూ దానికి భయం లేదు. గ్రంథి ముందంచు దాటాక పలచని పొర కింద నడుస్తుంది, ఆ తర్వాత పైకి తేలుతుంది. కనుబొమ ఎత్తే కొమ్మ బుగ్గ ఎముక వంపు దాటేచోట మరీ పైపైన ఉంటుంది. దాని దారి గుర్తుపట్టడానికి సర్జన్లు ఒక గీత వాడతారు: చెవి బొడిపెకు అర సెంటీమీటరు కింద మొదలై, కనుబొమ బయటి కొసకు ఒకటిన్నర సెంటీమీటర్ల పైన ముగిసే గీత. బ్రెజిల్ సర్జన్ పిటాంగీ పేరుతో దాన్ని పిలుస్తారు. కింది పెదవిని దించే కొమ్మ దవడ అంచు పక్కనే పోతుంది. కోత వల్లే కాదు, సాగదీయడం వల్ల, రక్తం ఆపే కరెంటు వేడి వల్ల, లోతుగా పడ్డ కుట్టు నొక్కడం వల్ల కూడా నాడి మూగబోతుంది.

ఆపరేషన్ అయిన కొన్ని గంటలు నోరు ఒకపక్క కదలకపోతే అది చాలావరకు లోకల్ మత్తు ప్రభావమే. మర్నాటికీ తగ్గకపోతే సర్జన్‌కు చూపించాలి. నవ్వినప్పుడు కింది పెదవి ఒకవైపు సరిగా దిగకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. అలిగిన పిల్లల్లా కింది పెదవిని ముందుకు చాపి బయటికి తిప్పమంటారు. తిప్పగలిగితే దెబ్బతిన్నది మెడలోని ప్లాటిస్మాకు పోయే కొమ్మ, అది వారాల్లో, కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. తిప్పలేకపోతే దవడ అంచు కొమ్మ, దాన్ని జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలి. సాగి మూగబోయిన నాడి మామూలుగా మూడు నుంచి ఆరు నెలల్లో తేరుకుంటుంది.

నిజానికి ఫేస్‌లిఫ్ట్‌లో ఎక్కువగా దెబ్బతినేది ఈ నాడి కాదు, చెవికి స్పర్శనిచ్చే నాడి. చెవి రంధ్రానికి సుమారు 6.5 సెంటీమీటర్ల కింద, మెడ పక్క కండరం మీదుగా పైకి పోతుంది. అక్కడ చర్మాన్ని లేపేటప్పుడు కత్తెర ఒక్క పొర లోతుకు దిగితే చాలు తెగుతుంది, తమ్మె మొద్దుబారుతుంది. ఆపరేషన్ సమయంలోనే తెగిందని గుర్తిస్తే అప్పుడే కలిపి కుట్టాలి. నాడి తెగకపోయినా చెంపలో, చెవి చుట్టూ కొన్ని నెలలు స్పర్శ తక్కువగా ఉండటం మామూలే. ఆ నెలల్లో వేడి కాపడం పెట్టకండి, కాలినా తెలియదు.

ప్రశ్న: గడ్డం కింద రెండు నిలువు తాళ్లలా తేలాయి. చెవుల దగ్గర లాగితే పోతాయా?

జవాబు: పూర్తిగా పోవు. అవి ప్లాటిస్మా కండరం ముందు అంచులు. చెవి వైపు నుంచి లాగితే పక్కలు బిగుస్తాయి, మధ్య తాళ్లు ఉంటే ఇంకా స్పష్టంగా తేలొచ్చు. గడ్డం కింద మడతకు దగ్గరలో మూడు సెంటీమీటర్ల గాటు పెట్టి, రెండు అంచులను మధ్యలో కలిపి కుట్టాలి. అక్కడి కొవ్వు తీసేటప్పుడు ఆశ పనికిరాదు. చర్మం కింద కొవ్వంతా లాగేస్తే మధ్యలో గుంట పడుతుంది, దాన్ని పూడ్చడం కష్టం. దవడ కింద రెండు పక్కలా గుండ్రంగా ఉబ్బు కనిపిస్తే అది కొవ్వు కాకపోవచ్చు, జారిన లాలాజల గ్రంథి కావచ్చు. చర్మం ఎంత బిగించినా అది పోదు.

ప్రశ్న: దారాలతో లిఫ్ట్ చేస్తాం, కోత అక్కర్లేదు అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: కొంచెం సడలిన ముఖంలో, కొద్ది నెలల మార్పు చాలనుకుంటే. ఇందుకు వాడే పీడీఓ అనే కరిగే రకం దారం సుమారు ఆరు నెలల్లో కరిగిపోతుంది. లిగమెంట్లు విడిపించకుండా, మిగులు చర్మం తీయకుండా దారం ఒక్కటే బరువు లాగాలి. యాభై దాటి దవడ, మెడ జారినవారికి డబ్బు, ఆశ రెండూ వృథా. చర్మంలో గుంట పడటం, దారం కొస పొడుచుకురావడం తరచుగా చూసే ఇబ్బందులు.

ప్రశ్న: మధుమేహం మందు ఇంజెక్షన్లతో 18 కిలోలు తగ్గాను. ముఖం ఒక్కసారిగా వేలాడిపోయింది. ఫేస్‌లిఫ్ట్ చాలా?

జవాబు: ముందు బరువు నిలకడగా ఉండాలి, కనీసం ఆరు నెలలు. ఇంకా తగ్గుతూ ఉంటే నేడు సరిపోయిన చర్మం రేపు మళ్లీ మిగులుతుంది. మీకు పోయింది కొవ్వు కూడా, అందుకే పైకి జరపడం ఒక్కటే చేస్తే బిగువైన, పీక్కుపోయిన ముఖం వస్తుంది. కడుపు నుంచో తొడ నుంచో తీసిన కొవ్వును సన్నని గొట్టంతో చిన్న చిన్న బొట్లుగా చెంప, కణత, కంటి కింద నింపడం అదే ఆపరేషన్‌లో చేస్తారు. నింపిన దాంట్లో కొంత భాగం కరిగిపోతుంది, అది ముందే లెక్కలో ఉండాలి. ఆ ఇంజెక్షన్ కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తుంది. మత్తు ఇచ్చే డాక్టరుకు తప్పక చెప్పండి.

ప్రశ్న: నాకు 58, మగవాడిని. బీపీకి మాత్ర వేసుకుంటాను, రోజుకు ఆరు సిగరెట్లు. డాక్టరు సిగరెట్ మానితేనే చేస్తానన్నారు. ఆరింటికే అంత పట్టింపా?

జవాబు: ఆ డాక్టరు మాట వినండి. లేపిన చర్మం పలకకు రక్తం ఒక వైపు నుంచే అందుతుంది. చెవి వెనక కొస ఆ సరఫరాకు అన్నిటికంటే దూరం. నికోటిన్ సన్న నాళాలను ముడిచేస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. ఆ కొస మొదట నీలంగా మారి, తర్వాత నల్లబడి ఎండిపోతుంది. పొగతాగేవారిలో ఇలా చర్మం చనిపోయే ప్రమాదం పన్నెండు రెట్లు ఎక్కువని 1984లో ప్రచురితమైన ఒక పరిశీలన చెప్పింది. ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు పూర్తిగా మానాలి. నికోటిన్ చూయింగ్ గమ్, పట్టీలు, ఈ-సిగరెట్ కూడా అంతే. చాలాచోట్ల మూత్ర పరీక్ష చేసి చూసుకుంటారు.

మీకు రెండో ప్రమాదం, చర్మం కింద రక్తం నిలిచి గడ్డకట్టడం. దీన్ని హెమటోమా అంటారు. ఫేస్‌లిఫ్ట్ తర్వాత ఎక్కువగా వచ్చే చిక్కు ఇదే. ఆడవారిలో నూటికి ఒకరి నుంచి నలుగురికి, మగవారిలో అంతకు రెట్టింపు లేదా ఇంకా ఎక్కువ. గడ్డం వెంట్రుకల కుదుళ్లకు రక్తనాళాలు ఎక్కువ ఉండటం ఒక కారణం. బీపీ ఇంకో కారణం. బీపీ మాత్ర మీ అంతట మీరు మానకూడదు, ఆపరేషన్ రోజు ఉదయం ఎలా వేసుకోవాలో మత్తు డాక్టరు చెప్తారు. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్, విటమిన్ ఈ, చేపనూనె, వెల్లుల్లి క్యాప్సూల్స్ రెండు వారాల ముందు ఆపాలి. గుండెకు స్టెంట్ ఉండి ఆస్పిరిన్ వేసుకుంటుంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి, గుండె డాక్టరును అడగండి.

ప్రశ్న: మూడు వారాల్లో మా అమ్మకు ఫేస్‌లిఫ్ట్. రాత్రి పక్కన ఉండేది నేనే. ఏం చూసుకోవాలి?

జవాబు: మీ ప్రశ్నే ఈ ఉత్తరాలన్నిట్లో ముఖ్యమైనది. చాలా హెమటోమాలు మొదటి 24 గంటల్లోనే వస్తాయి. ఆపరేషన్ బల్ల మీద బీపీ తక్కువగా ఉంటుంది, అడ్రినలిన్ నాళాలను మూసి ఉంచుతుంది. కొన్ని గంటల తర్వాత ఆ మందు దిగిపోతుంది, నొప్పి, వాంతి, దగ్గు, ఆందోళన బీపీని పెంచుతాయి, మూసుకున్న చిన్న నాళం తెరుచుకుంటుంది. లోపల ఊరే రక్తం, నీరు బయటికి లాగే డ్రెయిన్ గొట్టం పెట్టారు కదా అని నిశ్చింతగా ఉండకండి. అది కమిలిన మరకల్ని తగ్గిస్తుంది తప్ప హెమటోమాను ఆపలేదు.

అమ్మగారి రెండు చెంపలనూ రాత్రంతా గంటకోసారి పోల్చి చూడండి. మామూలు వాపు రెండు వైపులా ఉంటుంది, మెల్లగా పెరుగుతుంది, నొక్కితే మెత్తగా ఉంటుంది. ప్రమాదం ఒక్క వైపున వస్తుంది: ఆ చెంప ఇంకోదానికంటే త్వరగా ఉబ్బుతుంది, గట్టిబడుతుంది, చర్మం మెరుస్తూ ఊదారంగుకు తిరుగుతుంది, పెదవి లోపలి వైపు కమిలినట్టు నల్లబడుతుంది. అన్నిటికంటే ముందు చెప్పేది నొప్పి. ఫేస్‌లిఫ్ట్ తర్వాత నొప్పి నిజానికి పెద్దగా ఉండదు. అమ్మ ఒక పక్కే నొప్పి, బిగుసుకుపోతోంది అంటే, నొప్పిమాత్ర ఇచ్చి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. వెంటనే సర్జన్‌కు ఫోన్ చేయండి, ఎంత రాత్రయినా. కట్టు గట్టిగా ఉంటే దాన్ని వదులు చేయమంటారేమో అడగండి. ఊపిరి ఆడటం లేదన్నా, మింగలేకపోతున్నా ఫోన్ కోసం ఆగకుండా ఆస్పత్రికి బయల్దేరండి. సకాలంలో వెళ్తే కొన్ని కుట్లు విప్పి గడ్డ తీసేసి, కారే నాళాన్ని ఆపుతారు, తుది ఫలితంలో తేడా రాదు. గంటలు గడిస్తే ఆ ఒత్తిడికి పైచర్మం చనిపోతుంది.

తల వైపు రెండు మూడు దిండ్లు పెట్టి పడుకోబెట్టండి, కానీ గడ్డం ఛాతీకి ఆనేలా మెడ వంచకండి, అలా వంచితే రక్తప్రసరణ తగ్గి వాపు పెరుగుతుంది. ఐస్ నేరుగా చర్మానికి తగలనివ్వకండి, స్పర్శ లేని చర్మం చలికి కాలిపోతుంది. వాంతి వస్తున్నట్టుంటే డాక్టరు ఇచ్చిన మాత్ర ముందే వేయండి, ఒక్క గట్టి వాంతి చాలు బీపీ ఎగబాకడానికి. మలబద్ధకానికీ మందు ముందే అడిగి పెట్టుకోండి, ముక్కినా అంతే.

తర్వాతి రోజుల సంగతి: డ్రెయిన్ ఒకటి రెండు రోజులకు తీస్తారు. చెవి ముందు సన్నని కుట్లు ఐదు నుంచి ఏడు రోజులకు, చెవి వెనకవి పదో రోజు ప్రాంతంలో. మూడో రోజు వాపు పతాకస్థాయిలో ఉంటుంది, అమ్మ అద్దం చూసి బెంగపడే రోజు అదే, ముందే చెప్పి ఉంచండి. రెండు మూడు వారాలకు నలుగురిలోకి వెళ్లగలరు. వంగి బరువులెత్తడం, వ్యాయామం నాలుగు వారాల దాకా వద్దు. మచ్చ ఎరుపు పోవడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది. అన్నం తినేటప్పుడల్లా చెవి ముందు నీరూరి ఉబ్బితే అది లాలాజల గ్రంథి నుంచి కారడం కావచ్చు, అది కూడా చూపించాల్సిందే.

సర్జన్ ఫోన్ నంబరు, రాత్రి ఎత్తే నంబరు, ఆపరేషన్‌కు ముందే కాగితం మీద రాయించుకుని, అమ్మ మంచం పక్క గోడకు అంటించండి. ఆ నంబరుకు ఒకసారి ఫోన్ చేసి, ఎవరు ఎత్తుతారో చూసుకోండి.